కెజియా దిగాల్సిన స్టేషన్

కువైట్‌లో రైలు లేదు. వేస్తారని నేనొచ్చిన కొత్తలోనూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నాకది వింతగా అనిపించలేదు. మా కోనసీమలోనూ అంతే కదా. గోదావరి పాయలో వంతెన స్తంభాలు లేచి నిలబడ్డాయి గానీ వాటి మీద రైలు నడవడం నేను చూడలేదు. రైలు లేని ఊళ్లో పుట్టి, రైలు లేని దేశంలో పన్నెండేళ్లుగా పని చేస్తున్న మనిషిని నేను. అలాంటిదాన్ని, జపాన్‌లో ఒక్క రోజు సెలవు దొరికితే ఒక రైల్వే స్టేషన్ చూడ్డానికి వెళ్లానంటే మా చర్చిలో ఆడవాళ్లు నమ్మరు. "సుగుణక్కా, ఆ బుల్లెట్ రైలు సంగతి చెప్పు" అంటారు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అందులో నేను చూసుకునే పెద్దావిడకి కళ్లు తిరిగితే ఆమె తల పట్టుకుని కూర్చున్నాను, కిటికీలోంచి ఏం పోయిందో చూడనేలేదు. నేను చెప్పాలనుకుంటున్నది వేరే స్టేషన్ గురించి. రెండు పెట్టెల బండి ఆగే, టికెట్లు అమ్మే మనిషి కూడా లేని చిన్న స్టేషన్. దాని పేరు రాయను. మా అమ్మాయి రాయొద్దంది.

నేను హోమ్ నర్సుని. కువైట్‌లోని జాబ్రియాలో ఒక ఇంట్లో డెబ్బయి నాలుగేళ్ల పెద్దావిడని చూసుకుంటాను. ఇన్సులిన్, బీపీ, మోకాళ్లకి మర్దనా, చక్రాల కుర్చీ, మధ్యమధ్యలో ఆమె అలకలు తీర్చడం. ఇంట్లో అందరూ ఆమెని మామా అంటారు, అంటే అమ్మ అని, నేనూ అలాగే అంటాను. మా ఆయన పోయాక పదేళ్ల కూతుర్ని మా అక్క దగ్గర వదిలి ఇక్కడికొచ్చాను. ఆ కూతురే కెజియా. కాకినాడలో నర్సింగు పూర్తి చేసి, విజయవాడలో ఒక ట్రైనింగ్ సెంటర్లో చేరి జపాన్ భాష నేర్చుకుంది. ఎందుకంటే, అక్కడ వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలున్నాయి. ఇంటర్వ్యూ నెగ్గింది కూడా. ఇక మిగిలింది ఒక్కటే, తల్లిదండ్రుల్లో ఒకరు వీడియో కాల్‌లో ఆశ్రమం వాళ్ల ఎదుట సరేనని చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు ఇంకో అమ్మాయికి పోతుంది.

నేను వద్దన్నాను.

"ముసలోళ్లకి సేవ చెయ్యడానికి అంత దూరం ఎందుకే? నేను చేత్తన్నది చాలదా?" అన్నాను ఫోన్లో.

"నువ్వు చేసినట్టు కాదమ్మా. అక్కడ అది ఉద్యోగం."

"మరి నేను చేసేదేంటి?"

అది క్లాసుకి టైమైందని ఫోను పెట్టేసింది. ఆ పెట్టెయ్యడమే నాకు తగలవలసిన చోట తగిలింది. కువైట్‌లో నా మొదటి ఇల్లు ఇది కాదు. అంతకుముందు వేరేవాళ్ల దగ్గర రెండేళ్లున్నాను. ఆ రెండేళ్లలో గేటు దాటి బయటికి వెళ్లింది ఇఖామా అనే నివాస అనుమతి పనికీ, ఒకసారి పన్ను పీకించుకోవడానికీ. ఫోను వారానికి పది నిమిషాలు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో. పరదేశంలో పరాయివాళ్ల ముసలివాళ్లని చూసుకోవడం అంటే నా ఒంటికి తెలిసింది అది. నా కూతురు ఆ బతుకు బతకకూడదని, నేను దాన్ని వద్దన్నాను.

ఆరు సూట్‌కేసులు

వేసవిలో కువైటీలు ఊరు వదిలి వెళ్లే సంబరం చూసి తీరాలి. మేం నలుగురం: మామా, ఆమె కొడుకు, కోడలు, నేను. సూట్‌కేసులు ఆరు. అందులో ఒకటి పూర్తిగా మామా పెద్ద మనవడు బదర్ కోసం. ఖర్జూరాలు, ఎండు నిమ్మకాయలు, మచ్‌బూస్ అన్నంలో వేసే మసాలా, ఒక చిన్న ధూపం గిన్నె. బదర్ ఒకాయామా అనే ఊళ్లో ఇంజినీరింగు చదువుతున్నాడు. మూడేళ్లుగా మామా నోట ఆ ఊరి పేరు రోజుకి పదిసార్లు వింటున్నాను. కెజియాతో నేనూ అన్నిసార్లు అన్నాను. అందుకే మూడు ఊళ్ల ఆశ్రమాలు తీసుకుంటామన్నప్పుడు అది ఒకాయామానే ఎంచుకుంది. "విన్న పేరు కదమ్మా" అంది. తప్పంతా నాదేనన్నమాట.

మేం వెళ్లేనాటికి వీడియో కాల్ పదిహేను రోజుల్లో ఉంది. మామాతో జపాన్ వెళ్తున్నానని కెజియాకి తెలుసు. ఒకాయామాలో ఆ ఆశ్రమాన్నీ, దాని దగ్గరున్న చిన్న స్టేషన్‌నీ చూడాలనుకున్నానని మాత్రం చెప్పలేదు. చెబితే అది ఆశ పెట్టుకుంటుంది. చూసొచ్చాక కూడా వద్దనాల్సి వస్తే ఆ పాపం ఇంకా పెద్దది.

పీచు పండు రెండు దినార్లు

మొదటి రెండు రోజులూ మామా మనవణ్ని చూసుకోవడంతోనే సరిపోయింది. బదర్ గదికి వెళ్లాం. వాడు టీ ఇచ్చి, తాగాక కప్పులు తనే కడిగాడు. మామా నోరు తెరిచింది. "వల్లా! సుగుణా, చూశావా, గిన్నె కడుగుతున్నాడు!" అని నా చెయ్యి గిల్లింది. కువైట్‌లో వాడు మంచినీళ్ల గ్లాసు కూడా తియ్యడు, పక్కన నలుగురు పనివాళ్లుంటారు. మామాకి ఏడుపొచ్చింది. అది బాధో, గర్వమో ఆమెకే తెలియలేదు.

హోటల్లో పొద్దున్నే చేపలు పెడతారు. గోదావరి మనిషిని, నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నం ముద్దగా ఉంటుంది గానీ అన్నమే. కారం మాత్రం బొత్తిగా లేదు. పక్కన చిన్న గిన్నెలో ఎర్రగా ముడతలు పడ్డ పండు ఒకటి పెట్టారు. ఏదో తీపి అనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాను. ఉప్పూ పులుపూ కలిసి చెవుల్లోంచి వచ్చాయి. ఊరబెట్టిన ఆల్‌బఖరా జాతి పండట అది, నాలుగు ముద్దలకి కొంచెం కొంచెం కొరుక్కోవాలట. నా మొహం చూసి వడ్డించే ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది. మర్నాటినుంచి నేను తెచ్చుకున్న గోంగూర పచ్చడి ముట్టలేదు, ఆ పండే నంజుకున్నాను.

ఆ ఊరు పీచు పళ్లకి పేరు మోసింది. ఒక్క పండు వెయ్యి యెన్లు, మన రెండు దినార్లు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు మెత్తటి పెట్టెలో పెట్టి అమ్ముతారు. మామా ఆరు కొంది. నాకొకటి ఇచ్చింది. రెండు దినార్లు తింటున్నానని తెలిసి తినడం వల్లో ఏమో, రసం మోచేతిదాకా కారినా నాకాను.

అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది ముసలివాళ్లు. టాక్సీ నడిపేది ముసలాయన, హోటల్లో దుప్పట్లు మార్చేది ముసలావిడ. మా సూట్‌కేసు ఎత్తబోయిన తెల్లజుట్టు మనిషిని మామా అరబిక్‌లో కోప్పడింది, "నువ్వు ఎత్తకు, నీ నడుం పోతుంది" అని. ఆయన నవ్వుతూ ఎత్తేశాడు. ఇంతమంది ముసలివాళ్లు పని చేస్తుంటే, ఇక పని చెయ్యలేనంత ముసలివాళ్లయ్యాక ఎవరు చూస్తారు? ఆ జవాబు విజయవాడలో కూర్చుని వాళ్ల అక్షరాలు దిద్దుకుంటోంది.

మామా చేతిసంచి

మూడో రోజు సాయంత్రం ఇన్సులిన్ ఇచ్చాక మామాకి సంగతంతా చెప్పాను. కెజియా, ఆశ్రమం, స్టేషన్, పదకొండు రోజుల్లో ఉన్న కాల్. ఒక రోజు సెలవు కావాలన్నాను. మామా చాలాసేపు జపం చేసే తస్బీ పూసలు తిప్పింది. పక్కనే ఉన్న బదర్, "పరాయి దేశంవాళ్లు ఇక్కడ బయటికి వెళ్తే పాస్‌పోర్టు దగ్గరుండాలి. పోలీసు అడిగితే చూపించాలి, చట్టం" అన్నాడు.

మా పాస్‌పోర్టులన్నీ మామా చేతిసంచిలో ఉన్నాయి. ఆమె సంచి తెరిచింది, మూసింది.

"నా చెల్లెలి పనమ్మాయి లండన్‌లో దుకాణంలోంచి అటే వెళ్లిపోయింది. తిరిగి రాలేదు" అంది.

"తెలుసు మామా."

"తిరిగొస్తావు కదా సుగుణా?"

పదేళ్లుగా ఆ మనిషికి స్నానం చేయిస్తున్నాను. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "నేను పారిపోతే నీకు రాత్రి ఇన్సులిన్ ఎవరిస్తారు?" అన్నాను. మామా మళ్లీ సంచి తెరిచి, నీలం అట్ట పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఒక్కదాన్నీ నా పాస్‌పోర్టు పట్టుకుని వీధిలోకి వెళ్లడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. ఫోటోలో నాకు ముప్పై మూడేళ్లు. దాన్ని జాకెట్లో దాచాలా, సంచిలో పెట్టాలా అని ఎంతసేపు తంటాలు పడ్డానో చెబితే నవ్వుతారు.

చివరి పెట్టె

మర్నాడు బదర్ పెద్ద స్టేషన్‌కి తీసుకెళ్లి మెషీన్లో టికెట్ తీసిచ్చాడు. అర దినారు లోపే. కాగితం మీద నేను దిగాల్సిన స్టేషన్ పేరు జపాన్ అక్షరాల్లో పెద్దగా రాశాడు. "సిస్టర్, ముందు పెట్టెలో కూర్చో. ముందు పెట్టె" అని రెండుసార్లు చెప్పాడు. "జేన్, జేన్" అని తలూపాను.

ఊపానే గానీ, ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బుర్ర పాతికేళ్లు వెనక్కి పోయింది. నర్సింగు చదివే రోజుల్లో సామర్లకోట నుంచి రాజమండ్రికి పాసింజరులో వెళ్లేదాన్ని. లేడీస్ పెట్టె చివర్న ఉండేది. బండి కూత వినపడగానే ఆడపిల్లలమంతా సంచులు పట్టుకుని చివరికి పరిగెత్తేవాళ్లం. ముందు పెట్టెలంటే బీడీల కంపు, మోచేతి పోట్లు. ఇక్కడ రెండు పెట్టెల బండి కనపడగానే నా కాళ్లు నన్నడక్కుండా వెనక పెట్టెలోకి ఎక్కాయి. మెత్తటి సీటు, కిటికీ పక్కన చోటు. బదర్ చెప్పింది గుర్తే లేదు.

పెట్టెలో పదిమంది ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. ఫోన్లు చూసుకుంటున్నారు గానీ ఒక్క ఫోనూ మోగలేదు. దగ్గొస్తే నేను కొంగులో దగ్గాను. నాలుగో స్టేషన్ బోర్డు మీది అక్షరాలు నా కాగితంతో సరిచూసుకున్నాను, అవే. సంచి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. బండి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. పక్కనున్న బొత్తం నొక్కాను. ఇంకోసారి నొక్కాను. అద్దంలోంచి చూస్తే ముందు పెట్టెలోంచి ఇద్దరు ముసలమ్మలు నింపాదిగా దిగుతున్నారు. నా తలుపు మాత్రం ససేమిరా అంది.

కువైట్ సిటీ బస్సులో అయితే ఏం చేస్తాం? అరుస్తాం. నేనూ అదే చేశాను. "సిద్దీఖ్! బాబ్, బాబ్!" అని తలుపు మీద చేత్తో కొడుతూ అరబిక్‌లో అరిచాను, అన్నా, తలుపు, తలుపు అని. పదిమందీ ఒక్కసారి తలలు దించుకున్నారు. నాకు రావాల్సిన సిగ్గు వాళ్లు పడ్డారు. బండి కదిలిపోయింది. నా కూతురి స్టేషన్ కళ్లముందే వెనక్కి వెళ్లిపోయింది.

స్కూలు బట్టల్లో ఉన్న ఒక అమ్మాయి లేచి వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని, రెండు పెట్టెల మధ్య తలుపు తీసి ముందుకి తీసుకెళ్లింది. అప్పుడు తెలిసింది. టికెట్ కలెక్టరు లేని స్టేషన్లలో ముందు పెట్టె తలుపే తెరుస్తారు. డ్రైవరే టికెట్లు చూసుకుంటాడు. తెల్ల గ్లవుజులు వేసుకున్న కుర్రాడతను. ఎదురుగా ఎవరూ లేకపోయినా సిగ్నల్‌కి వేలు చూపించి పైకి ఏదో చెబుతున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకున్నాను. పొరపాటు జరగకుండా చూసినదాన్ని వేలుతో చూపించి నోటితో చెప్పాలని వాళ్లకి నియమమని బదర్ తర్వాత చెప్పాడు. నాకది ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఇన్సులిన్ ఇచ్చేముందు సిరంజి మీది గీత చూపించి "పన్నెండు" అని పైకి అంటున్నాను. మామాకి విసుగు.

వరి చేల గట్టు

తర్వాతి స్టేషన్లో డ్రైవరుకి నా కాగితం చూపించాను. అతను కాగితం చూసి, నన్ను చూసి, తప్పు తనదైనట్టు తల వంచాడు. అదనంగా పైసా తీసుకోలేదు. అవతలి ప్లాట్‌ఫారం చూపించి గడియారం మీద వేలు తిప్పాడు, వెనక్కి వెళ్లే బండికి గంట పడుతుందని. నేను రెండు వేళ్లు కదిపి నడిచి పోతానని చెప్పాను. ఒక స్టేషనే కదా.

ఆ నడక నాకు దేవుడిచ్చాడనుకుంటాను. పట్టాల పక్కన రోడ్డు, రోడ్డు పక్కన వరి. నిజం వరి, మోకాలెత్తు, నీళ్లు నిలిచిన మడి. కువైట్‌లో పచ్చదనం చూడాలంటే శుక్రవారం వఫ్రా తోటలకి పోవాలి, అక్కడున్నవి ప్లాస్టిక్ పందిళ్ల కింద దోసకాయలూ టమాటాలూ. బురద వాసన పీల్చి ఎన్నేళ్లయిందో. కువైట్ ఎండ ఒంట్లో తడి పీల్చేస్తుంది, చెమట కనపడదు. ఇక్కడ మెడమీంచి ధారగా కారింది, అచ్చం కోనసీమ చెమట. గట్టు మీద పెద్ద టోపీ పెట్టుకున్న ఆవిడ కలుపు తీస్తోంది. నేను ఆగి చూస్తుంటే ఆవిడా ఆగి చూసింది. చేత్తో వరి చూపించి బొటనవేలు ఎత్తాను. ఆవిడ వెంటనే తలడ్డంగా ఊపి, చేతులు తిప్పి, ఏదో పురుగు పట్టిందని గోల పెట్టింది. రైతు ఎక్కడైనా రైతే. నాకు బెంగ కొంత తగ్గింది.

ముళ్లు లేని స్టేషన్

సంబంధం చూడ్డానికి వెళ్లిన ఆడపిల్ల తల్లిలాగా చూశాను ఆ స్టేషన్‌ని. దీపాలెన్ని, వెలుగుతాయా. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, గడియ పడుతుందా. రోడ్డు మీదికి కనపడుతుందా. దీపాలు ఆరున్నాయి. మరుగుదొడ్డిలో కిటికీలో చిన్న సీసాలో పువ్వు పెట్టారు. రేకుల కప్పు కింద బెంచీ, బెంచీ మీద ఎవరో చేత్తో కుట్టిన నాలుగు దిండ్లు. గొడుగుల బుట్ట ఒకటి ఉంది, వానొస్తే ఎవరైనా తీసుకుని మళ్లీ పెట్టేయాలట. కంచె తీగకి ఒక పిల్లవాడి టోపీ బట్టల క్లిప్పుతో తగిలించి ఉంది, పారేసుకున్నవాళ్లు వచ్చి పట్టుకెళ్తారని. ఆ కంచె కూడా నడుమెత్తు తీగే, ముళ్లు లేవు.

అక్కడ ఒక ముసలాయన పూలకుండీలకి నీళ్లు పోస్తున్నాడు. రైల్వే మనిషి కాదు, ఆ పక్కింటాయన. నన్ను చూసి కూర్చోమని దిండు సర్దాడు. నేను కమలాపండు ఒలిచి సగమిచ్చాను. తొక్కలు వెయ్యడానికి చెత్తబుట్ట కోసం వెతికితే లేదు. ఆ దేశంలో చెత్తబుట్టలుండవు, ఎవరి చెత్త వాళ్లే ఇంటికి మోసుకుపోవాలి. ఆయన నా తొక్కలు కూడా తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. తర్వాత బెంచీ కింది పెట్టెలోంచి ఒక నోటు పుస్తకం తీసి పెన్ను ఇచ్చాడు. ఆ స్టేషన్‌కి వచ్చినవాళ్లు రెండు ముక్కలు రాసి వెళ్తారట. ఏ భాషలో రాయాలని సైగ చేస్తే నా గుండె వైపు చూపించాడు. తెలుగులో రాశాను. "నా కూతురు ఇక్కడ దిగొచ్చో లేదో చూడ్డానికి వచ్చాను. సుగుణ." ఆయన ఆ గుండ్రటి అక్షరాలని చాలాసేపు చూసి, బాగున్నాయన్నట్టు తలూపాడు.

ఆశ్రమం అక్కడికి ఐదు నిమిషాల నడక. చెప్పకుండా లోపలికి పోవడం బాగుండదని రోడ్డవతల నుంచే చూశాను. రెండంతస్తుల మేడ, వరండాలో చక్రాల కుర్చీల్లో ముగ్గురు ముసలివాళ్లు నీడపట్టున ఉన్నారు. నేను చూడాలనుకున్నది గేటు. దానికి బయటినుంచి తాళం ఉందా లేదా అని. తాళం లేదు. అసలు గేటే లేదు. రోడ్డు మీంచి తిన్నగా గుమ్మంలోకి వెళ్లిపోవచ్చు, గుమ్మంలోంచి తిన్నగా రోడ్డు మీదికి వచ్చేయొచ్చు. అక్కడే నిలబడి ఏడ్చాను. దారినపోయే సైకిలామె ఆగి మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లింది.

అస్మిత

మూడున్నరకి డ్యూటీ దిగినవాళ్లు స్టేషన్‌కి వచ్చారు. అందులో ఒక అమ్మాయి మొహం మన వైపు మొహంలా ఉంది. హిందీలో పలకరించాను. నేపాల్ అమ్మాయి, పేరు అస్మిత, ఆ ఆశ్రమంలోనే మూడేళ్లుగా పని చేస్తోంది. నేనొచ్చిన పని చెబితే, "మా అమ్మ ఇంతవరకూ ఢిల్లీ కూడా చూడలేదు. మీరు ఇక్కడిదాకా వచ్చారా దీదీ" అని నా పక్కన కూర్చుంది. ఖర్జూరాలిస్తే ఒకటి తిని గింజ జేబులో వేసుకుంది.

ఎన్నో అడగాలని రాసుకున్నాను. నోటికొచ్చింది ఒక్కటే.

"మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఎవరి దగ్గరంటే?"

"అంటే, యజమాని దగ్గరా, ఆఫీసులోనా?"

"నా గదిలో, నా సొరుగులో ఉంది" అంది. ఇంకా నా మొహం చూస్తూ, "నాది కదా దీదీ, ఇంకెవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

నా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుని ఉన్నానని అప్పుడే గమనించాను. ఆ పిల్లకి ఆ ప్రశ్న ఎందుకో తెలియకపోవడం కన్నా మంచి జవాబు ఏ ఆఫీసరూ నాకు చెప్పలేడు.

అంతా పంచదార పూసి చెప్పలేదు ఆ అమ్మాయి. మొదటి మూడు నెలలూ రోజూ ఏడ్చానంది. మనుషుల్ని ఎత్తి ఎత్తి నడుం పడిపోతుందట. ఒక తాతగారు గిల్లుతాడట, ఆ మచ్చ చూపించింది. పైవాళ్లు తిట్టేది కూడా ఎంత మర్యాదగా తిడతారంటే, ఇంటికెళ్లి పడుకున్నాక గానీ తిట్టారని తెలియదట. భాష పరీక్ష కష్టం. చలికాలం ఒంటరితనం ఇంకా కష్టం.

"మరెందుకున్నావమ్మా?" అన్నాను.

"సెలవు రోజున ఈ బండెక్కి సముద్రం దాకా వెళ్లొస్తాను దీదీ. ఎవరినీ అడగను" అంది. ఆ మాట చాలా మామూలుగా అంది. ఫోన్ నంబరు ఇచ్చి, "మీ అమ్మాయి వస్తే మొదటి ఆదివారం నాతో భోజనం" అని చెప్పింది. బండి వచ్చింది. ఇద్దరం ముందు పెట్టెలో ఎక్కాం.

హోటల్ గది

ఆరింటికల్లా తిరిగొచ్చాను. మామా మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. బదర్ చెప్పాడు, మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదట. నన్ను చూడగానే "ఆలస్యం చేశావు" అని కసిరింది. కాళ్లు కడుక్కుని, ఇన్సులిన్ ఇచ్చి, సంచిలోంచి పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అడగలేదు. నేనే ఇచ్చాను.

ఇచ్చాక నా చెయ్యి చూసుకున్నాను. అలవాటంటే అదే. మామా మంచిది, నాకు లోటు చెయ్యలేదు, అయినా నా చెయ్యి దానంతటదే చాచుకుంది. ఆ రాత్రి ప్రార్థనలో దేవుణ్ని ఒకటే అడిగాను, నా చేతికొచ్చిన ఈ అలవాటు నా బిడ్డ చేతికి రాకూడదని.

జాబ్రియా, వంటగది

కువైట్‌లో దిగిన మూడో రోజున కాల్. మనసులో తేలింది గానీ కెజియాకి ఇంకా చెప్పలేదు. ఫోను తీసినప్పుడల్లా అస్మిత చేతిమీది మచ్చ కళ్లముందు నిలిచేది. కెజియా అడగలేదు, నేను చెప్పలేదు, ఇద్దరం భోంచేశావా అంటే భోంచేశావా అనుకుని పెట్టేశాం.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలు. వంటగదిలో ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టాను. మామా కుర్చీ నా పక్కకి తోయించుకుని కూర్చుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తెరమీద విజయవాడ నుంచి ట్రైనింగ్ మేడమ్, ఆవిడ పక్కన కెజియా, ఇంకో గడిలో జపాన్ నుంచి ఆశ్రమం నడిపే ఆవిడ. కెజియా కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను వద్దంటానని నమ్మే వచ్చి కూర్చుంది నా తల్లి.

"సుగుణగారూ, ఆ ఊరి గురించి, పని గురించి మీకేవైనా భయాలుంటే చెప్పమంటున్నారండి ఆవిడ" అన్నారు మేడమ్.

"భయాలున్నాయండి" అన్నాను. కెజియా తల దించుకుంది. "చలికాలం అంటే భయం. ఆదివారాలు ఒక్కత్తే ఉంటదని భయం. ఊరు గురించి మాత్రం చెప్పక్కర్లేదండి. నేను ఎల్లి చూసొచ్చేను."

మేడమ్ అది జపాన్ భాషలో చెప్పారు. అవతలావిడ ఏదో గబగబా అడిగింది.

"ఎక్కడిదాకా వెళ్లారని అడుగుతున్నారండి."

"స్టేషన్‌కి ఎల్లేనండి. మీ గుమ్మం ఎదురుగా నిలబడ్డానండి. చెప్పకుండా లోపలికి రావడం బాగోదని రాలేదండి."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. లేచి నడుం వంచి నమస్కారం చేసింది. ఎంతసేపు వంగిందంటే, తెరమీద ఖాళీ కుర్చీయే కనపడింది.

"ఎప్పుడెల్లేవమ్మా?" అంది కెజియా.

"మామాతో ఎల్లినప్పుడే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే, బాగుందని ఒప్పుకోమని నా ప్రాణం తీసేదానివి."

అది ఏడుస్తూ నవ్వింది. మామాకి తెలుగు ముక్క రాదు. మా మొహాలు చూసి "షినూ? షినూ?" అని నా కొంగు లాగింది, ఏమిటి ఏమిటి అని. "వెళ్తోంది మామా. ఒకాయామాకి" అన్నాను. ఇక్కడ పెళ్లి కుదిరినా, పిల్లలు పరీక్ష నెగ్గినా ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టి నాలుక ఆడిస్తూ ఒక కేక పెడతారు. డెబ్బయి నాలుగేళ్ల మామా ఆ చక్రాల కుర్చీలోంచి ఆ కేక పెట్టింది. వంటగది దద్దరిల్లింది. విజయవాడ మేడమ్ చెవులు మూసుకున్నారు, జపాన్ ఆవిడ ఎవరికేమైందోనని తెర మీదికి వంగింది. శుభవార్తకి ఇక్కడ అలా చేస్తారని చెప్పి సర్దుకునేసరికి నా అన్నం అడుగంటింది.

మేడమ్ గొంతు సవరించుకున్నారు. "సుగుణగారూ, ఇదంతా రికార్డవుతోందండి. మీరింకా సమ్మతి చెప్పలేదు. అది మీ నోటితోనే చెప్పాలండి. మీ అమ్మాయిని పంపుతున్నారా?"

నేను పొయ్యి కట్టేసి, ఫోనుకి ఎదురుగా నిలబడ్డాను.

"ఆయ్, పంపుతున్నానండి" అన్నాను.